తథాస్తు దేవతలకు ఇంగ్లీషు రాదు

పోయిన వారం ఎనిమిదో తరగతికి ఇఫ్ వాక్యాల పాఠం మొదలుపెట్టాను. ఇది జరిగితే అది జరుగుతుంది, అంతే కదా, పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. బోర్డు మీద మొదటి ఉదాహరణ టీచరే రాయాలి. నేను ఆలోచించను కూడా లేదు, చెయ్యి దానంతటదే రాసుకుంటూ పోయింది. 'నేను స్కూటీ మీద నుంచి పడితే మీకు రేపు సెలవు' అని ఇంగ్లీషులో రాసి వెనక్కి తిరిగేసరికి మొదటి బెంచీ పిల్ల రెండు చెవులూ గట్టిగా మూసుకుని కూర్చుంది.

"గట్లెందుకు రాసిన్రు మేడం? ఎవరన్న తమ మీద తామే రాసుకుంటరా?" అంది.

"మరి నీ మీద రాయనా?"

"అమ్మో, వద్దు మేడం!"

"హెడ్మాస్టర్ సార్ మీద?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. కానీ ఆ అలవాటు నాది కాదు, నాకు ఇంగ్లీషు నేర్పిన మా సారుది. చెడు వాక్యం ఏది రాయాల్సి వచ్చినా అందులో తనను తానే పెట్టుకునేవాడు. సారు పోయి ఏడాది దాటింది. ఆయన భయాలు మాత్రం ఎక్కడికీ పోలేదు, సగానికి పైగా ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాయి.

ఆయన సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. కొత్తవాడలో ఇంటి ముందు గదిలోనే సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాడు. పక్కింట్లో యాకూబ్ చాచా వాళ్ళు మగ్గాల మీద జంపఖానాలు నేసేవాళ్ళు. ఆ టకటకల మధ్యనే మా పాఠం. నేను ధర్మసాగర్ అవతల పల్లె నుంచి డిగ్రీ చదువుకు హనుమకొండ వచ్చి, ఇంగ్లీషు రాక క్లాసులో నోరు మూసుకుని కూర్చునే రోజులవి. నోరు మూసుకుని కూర్చోవడం నాకు పుట్టుకతో రాని విద్య. అందుకని వెళ్ళి చేరాను.

అంత భయస్తుణ్ణి నేను బుద్ధెరిగి చూడలేదు. తిరిగే ఫ్యాను కింద కూర్చునేవాడు కాదు, గోడవారనే కుర్చీ. కుక్కర్ కూత వేస్తే వంటింటి వైపు వీపు పెట్టి నిలబడేవాడు. లిఫ్టు ఎక్కడు. పొద్దున్నే ఫోన్ మోగితే ఎత్తడు, ఆ మోగడం ఆగాక అవతలివాళ్ళకు తనే చేసి "అందరు మంచిగున్నరా?" అని అడిగిన తర్వాతే మిగతా మాట. ఊరికి పోవాలంటే ఇంటికి తాళం వేసి, గుంజి చూసి, వీధి మలుపు దాకా పోయి, వెనక్కి వచ్చి మళ్ళీ గుంజేవాడు. అప్పటికీ తృప్తి లేక యాకూబ్ చాచాను పిలిచి ఆయనతో కూడా గుంజించేవాడు.

"గుంజి గుంజి ఆ తాళం పాణం తీస్తాన్రు సారూ. దొంగలెందుకు, ఏదో ఒకనాడు మీ చేతులనే ఊడొస్తది" అనేవాడు చాచా.

సారు నవ్వేవాడు కాదు. తాళం ఊడితే ఏం చేయాలా అని ఆలోచించేవాడు. నేను చెప్పేది నమ్మండి, మరుసటి రోజుకి రెండో తాళం వచ్చింది.

ఇట్లాంటి మనిషికి ఇంగ్లీషు వ్యాకరణం మొత్తంలో ఇష్టమైన పాఠం ఏదని ఎవరైనా అడగాలా? ఇఫ్. మిగతా పాఠాలు ఉద్యోగం చేసినట్టు చెప్పేవాడు. ఇఫ్ దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచి లేచేవాడు. మనం 'ఇఫ్' అనగానే ఆయన కుడిచెయ్యి అరచేతితో ముందుకు వచ్చేది, అరుగు మీది గిన్నె పడబోతుంటే పట్టుకోవడానికి చాచినట్టు. కామా తర్వాతి ముక్క కూడా చెప్పి వాక్యం ముగిస్తేనే ఆ చెయ్యి కిందికి దిగేది. మధ్యలో మాట దొరక్క నీళ్ళు నమిలితే ఆ చెయ్యి అట్లాగే గాలిలో ఉండేది. కొందరు పోకిరీ పిల్లలు కావాలనే సగంలో ఆపి ఆయన్ను ఏడిపించేవాళ్ళు.

"ఇఫ్ అని ఇడిసిపెట్టకున్రి బిడ్డా. మనోళ్ళకు అదే రోగం. 'ఏమన్నా అయితే' అంటరు, ఆడ ఆపుతరు. ఆపినంక ఇంక నిద్ర పడతదా? అయితే ఏం జేస్తవో అది గూడ చెప్పు. ఎంత చెడ్డదన్న గానీ, చెప్పు" అనేవాడు.

చెడ్డది చెప్పాలంటే మా వాళ్ళకు నోరు వస్తుందా? పైగా క్లాసు జరిగేది సరిగ్గా దీపాలు పెట్టే వేళ. ఆ వేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, ఎవరే మాటన్నా పైనుంచి తథాస్తు అంటారని మా అమ్మ నాకు చిన్నప్పటి నుంచి ఎన్ని మొట్టికాయలు వేసిందో. నాకే కాదు, గదిలో ప్రతి ఒక్కరికీ ఒక అమ్మ ఉంది, ఆ అమ్మకొక చెయ్యి ఉంది. అందుకని వాన వస్తే గొడుగు తీసుకుపోతాను, ఆకలైతే అన్నం తింటాను, ఇట్లాంటి నీళ్ళ చారు వాక్యాలే చెప్పేవాళ్ళం.

ఒకరోజు సారు బోర్డుకు ఆనుకుని, గొంతు తగ్గించి, కిటికీ వైపు ఒకసారి చూసి చెప్పాడు. "తథాస్తు దేవతలకు ఇంగ్లీషు రాదు."

మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నిజం చెప్తాన. వాళ్ళు మనోళ్ళు. తెలుగొస్తది, సంస్కృతం వస్తది. ఇంగ్లీషు ఎవరు నేర్పిన్రు వాళ్ళకు? మీకున్న భయం ఏదన్న ఇంగ్లీషుల చెప్పుకోన్రి, ఏం గాదు. అయినా అనుమానముంటే మీ పేరు పెట్టకున్రి. నా పేరు పెట్టున్రి."

తమాషాకి అన్నాడని నేను అనుకున్నాను. ఆయన మొహం చూస్తే తమాషా లేదు. నమ్మకం కూడా లేదు. నమ్మాలని ఉన్నట్టు ఉంది.

గోడ అవతల మగ్గం ఆగింది. యాకూబ్ చాచా గొంతు వినిపించింది. "మీ దేవతల సంగతి నాకు తెల్వదు గని సారూ, మా ఫరిష్తాలకు అన్ని జబాన్లు వస్తయి!"

అందరం పగలబడి నవ్వాం. సారు మాత్రం ఆ తర్వాత చాలా రోజులు దిగులుగా ఉన్నాడు. చాచా ఇంటివైపు కిటికీ మూసి పాఠం చెప్పాడు.

కానీ అప్పటి నుంచి ఆ గది గదిలా లేదు. ఎవరెవరి లోపల ఏముందో తప్పుల తడక ఇంగ్లీషులో బయటికి వచ్చేది. తండ్రి తాగుడు, చెల్లె జ్వరం, అప్పుడే పెళ్ళైన అక్క ఫోన్ ఎత్తకపోవడం. ఎవరిదైనా సరే, పేరు మాత్రం సారుదే. సారు తాగి పడిపోతే, సారుకు జ్వరం తగ్గకపోతే, సారు ఫోన్ ఎత్తకపోతే. సాయంత్రానికి ఆ మనిషిని మేమంతా కలిసి ఎన్ని రకాలుగా చంపేవాళ్ళమో! ఆయన చెయ్యి చాచి నిలబడి "ఆఁ, అయితే? అయితే?" అంటూ అన్నీ పట్టుకునేవాడు.

వీధి చివర నూలు చుట్టే ఒకామె ఉండేది. అక్షరమ్ముక్క రాదు. కొడుకు లారీ డ్రైవరు. ఈ సంగతి ఎట్లా తెలిసిందో, ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడి, "ఒక్క మాట ఇంగ్లీషుల నేర్పుతరా సారూ, నేను ఇంట్ల అనలేకపోతాన" అంది. వాడు స్టీరింగ్ మీద నిద్రపోతే, అనే మాట అది. సారు ఆమెకు ఆ ముక్క నేర్పి, చెయ్యి చాచి, "అయితే?" అన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సారు చెయ్యి దించలేదు. చివరికి ఆమే తేల్చుకుంది. గంటకోసారి ఫోన్ చేస్త, అంది. అది కూడా ఇంగ్లీషులో చెప్పించి పంపించాడు. ఆ రెండు ముక్కలూ ఆమె తాయెత్తులా పట్టుకుపోయింది. ఆ తర్వాత ఎప్పుడు కనబడినా గడగడా అప్పజెప్పేది.

మా బ్యాచ్ అబ్బాయి ఒకడు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి పోయి, ఏదైనా మాట్లాడమంటే, మా సారు భద్రకాళి చెరువులో పడితే నేను దూకి కాపాడతాను అన్నాడట. ఎవరయ్యా ఆ సారు, ఈత రాదా అని వాళ్ళడిగితే, బకెట్టు నీళ్ళన్నా భయమేనండీ అన్నాడట. ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బాతో వచ్చి ఈ కథ చెబితే సారు ఎంతో సంబరపడ్డాడు. వాడు వెళ్ళిపోయాక నన్ను పక్కకి పిలిచి, "నిజంగ దునుకుతడా వాడు? ఈతొస్తదా వానికి? అడగకపోతిమి!" అన్నాడు.

ఒక్క రకం ఇఫ్ మాత్రం ఆయన సరిగ్గా చెప్పేవాడు కాదు. అప్పుడట్లా చేసి ఉంటే ఇప్పుడిట్లా అయ్యేది కాదు, అనే రకం. బోర్డు వైపు తిరిగి, ఊపిరి తీసుకోకుండా, ఒక్క వాక్యం రాసి తుడిచేసేవాడు. "పరీక్షల వస్తే రాయున్రి. ఇంట్ల వాడకున్రి" అనేవాడు. ఆయన భార్య జ్వరంతో పోయిందని, దవాఖానకు రేపు తీసుకుపోదాం అనుకున్న రోజే పోయిందని చాచా చెప్పాడు నాకు.

నేను భయం తెలియని దాన్ని, ఆ రోజుల్లో. ఒకసారి పోచమ్మ మైదాన్ చౌరస్తా దాటాల్సి వచ్చింది. సారు నా బ్యాగు పట్టీ పట్టుకుని రోడ్డు అంచున పాతుకుపోయాడు. లారీలు పోతున్నాయి, ఆటోలు పోతున్నాయి, మేము మాత్రం పోవడం లేదు.

"రాన్రి సార్, ఆగుతయి."

"ఆగకపోతే?"

"ఆగుతయి సార్, మనుషులే కదా నడిపేది."

"ఆగకపోతే అంటాన."

నాకు ఒళ్ళు మండింది. "ఆగకపోతే ఇద్దరం సస్తం సార్! చాచా వచ్చి ఏరుకపోతడు!"

ఆయన నా వైపు చూశాడు. మొహం ఒక్కసారి తేటపడింది. "ఆఁ, గట్ల చెప్పు" అని, పట్టీ వదిలి, నాకంటే ముందే నడిచాడు. నేను పరుగెత్తి అందుకోవాల్సి వచ్చింది. అప్పుడు అర్థమైంది నాకు ఆ మనిషి. ఆయన్ను భయపెట్టేది లారీ కాదు, 'ఏం గాదు' అనే మాట.

ఇక జయక్క సంగతి చెప్పాలి. అసలు చెప్పాల్సింది ఆమె సంగతే.

జయక్క సారు కూతురు, ఒక్కతే. నాకంటే పెద్దది. ఒడ్డూ పొడుగూ మంచి మనిషి, తెల్లని పలువరస. మనసు మాత్రం ఆరేడేళ్ళ పిల్ల దగ్గరే ఆగిపోయింది. లోపలి గుమ్మంలో కూర్చుని చాచా ఇచ్చిన రంగు నూలు ఉండలు చుడుతూ మా పాఠాలన్నీ వినేది. ఎర్ర రంగంటే ఇష్టం, ఆకుపచ్చ ఇస్తే అలిగేది. సారు కలిపి ముద్ద పెడితేనే తినేది. సారు పక్క మంచంలో ఉంటేనే కళ్ళు మూసేది. ఒక్కతే వీధి మలుపు దాటేది కాదు. పొయ్యి దగ్గరికి ఆయన రానిచ్చేవాడు కాదు. క్లాసులో ఎవరు ఏ పిచ్చి వాక్యం చెప్పినా మొదట నవ్వేది ఆమే, అర్థం కాకపోయినా.

ఒకరోజు కొత్తగా చేరిన కుర్రవాడు, ఏమీ ఎరగనివాడు, లేచి నిలబడి మొదలుపెట్టాడు. సారు చనిపోతే, జయక్క...

సారు చెయ్యి ఎప్పటిలాగే ముందుకు వచ్చింది. వాడు మాట కోసం వెతుక్కుంటున్నాడు. సారు ఆ చెయ్యి మధ్యలోనే దించేశాడు. "చాలు, కూసో" అన్నాడు. అన్నేళ్ళలో ఒక వాక్యాన్ని ఆయనే సగంలో ఆపడం అదొక్కసారే. బోర్డు మీద ఏమీ లేకపోయినా తుడిచాడు. పాఠం అయిపోయిందన్నాడు. జయక్క నవ్వుతూనే ఉంది.

అంతే. ఆయన భయాలన్నీ ఆ ఒక్క దానికి కట్టిన కంచె అని ఆ రోజు తెలిసింది నాకు. ఫ్యాను, లిఫ్టు, లారీ, తాళం, అన్నీ. తను పోకూడదు. పోతే ఆమె ఏమవుతుందో చెప్పే రెండో ముక్క ఆయన దగ్గర లేదు.

నా చదువైపోయింది, బడిలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళైంది, కూతురు పుట్టింది. హనుమకొండలోనే ఉండడం వల్ల కొత్తవాడకు రాకపోకలు ఆగలేదు. సారుకు గుండెనొప్పి వచ్చిందని చాచా ఫోన్ చేసినప్పుడు నేను స్టాఫ్‌రూములో ఉన్నాను. స్కూటీ మీద ఎట్లా పోయానో నాకే తెలియదు. దవాఖాన వాళ్ళు పరీక్షలన్నీ చేసి, గుండెకు ఆపరేషన్ చేయాలి, ఆలస్యం చేస్తే ఎప్పుడేమవుతుందో చెప్పలేం అన్నారు. సారు ఒప్పుకోలేదు. రోజూ అడుగుతారు, రోజూ వద్దంటాడు.

నేను టిఫిన్ డబ్బా పట్టుకుని పోయిన రోజు సాయంత్రం గదిలో డోర్నకల్ నుంచి వచ్చిన ఆయన తమ్ముడి కొడుకు ఉన్నాడు, రైల్వేలో పని చేసేవాడు. అతని భార్యా ఉంది. మర్నాడు పొద్దున ఆపరేషన్ అని, ఒప్పుకుంటే ఇప్పుడే చెప్పాలని నర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. జయక్క మంచం కింది భాగాన కూర్చుని సారు పాదం పట్టుకుని ఉంది.

"నాకేమన్నా అయితే?" అంటున్నాడు సారు.

"ఏం గాదు పెద్దనాయినా."

"అయితే అంటాన రా."

"ఏం గాదంటే! మీరు జర ధైర్యంగ ఉండాలె. ఫికర్ చేస్తే బీపీ పెరుగుతది."

కోడలు అందుకుంది. "దీపాలు పెట్టే యాళ గవేం మాటలు మామయ్యా? మంచిగ మాట్లాడున్రి."

సారు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, నన్ను చూశాడు. నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగాడు. "ఇఫ్ ఐ డై, హూ విల్ లుక్ ఆఫ్టర్ జయ?"

అందరికీ అర్థమైంది. తమ్ముడి కొడుకు ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. కోడలు జయక్క జడ సర్దింది. నర్సమ్మ గోడ గడియారం చూసింది. సారు చెయ్యి, సెలైన్ సూది గుచ్చిన చెయ్యి, అరచేతితో కొద్దిగా పైకి లేచి దుప్పటి మీద నిలబడి ఉంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను. "మీరు సచ్చిపోతే జయక్క నా దగ్గర ఉంటది" అన్నాను. గట్టిగా అన్నాను. తెలుగులో అన్నాను.

కోడలు "శివ శివా" అని చెవులు మూసుకుంది. సారు మంచంలో లేచి కూర్చోబోయాడు. ఆయన కళ్ళు పైకప్పు వైపు పోయాయి.

"తెలుగుల అంటివేందమ్మా!"

"తెలుగులనే అన్న. వింటే విననియ్యున్రి. విన్నోళ్ళు మొత్తం వినాలె, సగం విని పోతమంటే నడ్వది."

ఆయన ఆయాసపడుతున్నాడు. నేను మా ఆయన్ను అడగలేదు, అత్తమ్మను అడగలేదు, ఇంట్లో ఉన్నవి రెండే గదులు. నోరు దాటిన మాట నోరు దాటినట్టే ఉంది.

"మీ ఆయన వద్దంటే?" అన్నాడు సారు. ఈసారి ఆయనా తెలుగులోనే.

"ఆయన సంగతి నేను చూసుకుంట."

"తినకపోతే?"

"తినేదాక కూసుంట."

"రాత్రి భయపడితే?"

"పక్కకే పండుకుంట."

"నా కోసం ఏడిస్తే?"

దానికి నా దగ్గర అబద్ధం లేదు. "ఏడుస్తది సార్. నేను గూడ ఏడుస్త" అన్నాను.

ఆయన చెయ్యి మెల్లగా దుప్పటి మీదికి దిగింది. "సరే. చేసుకొమ్మను" అని నర్సమ్మతో చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను బయటికి వచ్చి వరండాలో బల్ల మీద కూలబడ్డాను. తెల్లారేదాకా అక్కడి నుంచి లేవలేదు. ఏదన్నా అయితే నా నోటి వల్లే అయిందంటారు. వాళ్ళు అనకపోయినా నేను అనుకుంటాను.

ఏమీ కాలేదు. ఆపరేషన్ మంచిగా జరిగింది. ఇంటికొచ్చిన సారు కనపడ్డ ప్రతివాడికీ ఫిర్యాదు చేసేవాడు, "తెలుగుల అనేసిందయ్యా ఈ పిల్ల, సంధ్యయాళ!" అని. ఆ ఫిర్యాదులో గర్వం ఎంతో, వణుకు అంత. క్లాసులు మళ్ళీ మొదలుపెట్టాడు, కుర్చీలోనే కూర్చుని. జయక్కను నెలకోసారి మా ఇంటికి తీసుకొచ్చి ఒక పూట వదిలి, వీధి మలుపు దగ్గర నిలబడి చూసేవాడు, ఏడుస్తుందా లేదా అని. మొదట్లో ఏడ్చేది. తర్వాత తర్వాత మా అమ్మాయి గాజులు సర్దుతూ కూర్చునేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం సారు అన్నం తిని జంపఖానా మీద నడుం వాల్చాడట. కరెంటు లేదు. జయక్క విసనకర్ర తీసుకుని విసరడం మొదలుపెట్టింది. చాచా సాయంత్రం నూలు ఇవ్వడానికి వచ్చేదాకా విసురుతూనే ఉంది. నాయిన నిద్రపోతున్నాడు, లేపకు అందట. అరవలేదు, ఎవర్నీ పిలవలేదు. ఎంతసేపు విసిరిందో మాకు తెలియదు. మేము పోయేసరికి ఆమె మణికట్టు వాచి ఉంది.

తమ్ముడి కొడుకు కర్మలన్నీ పద్ధతిగా చేశాడు. చివరి రోజు నా దగ్గరికి వచ్చి, "మీరే అన్నరు కదా అక్కా" అన్నాడు. అన్నాను కాబట్టి తీసుకొచ్చాను. మా ఆయన, "నన్నొక్క మాట అడగకపోతివి" అన్నాడు గాని, మంచం ఆయనే మోసుకొచ్చి మా గదిలో వేశాడు. పది రోజులు అన్నం ముట్టలేదు జయక్క. పాలు, అరటిపండు. తర్వాత ఒకరోజు నా కంచంలోంచి ముద్ద తీసుకుంది. ఇప్పుడు నేను కలిపి పెడితేనే తింటుంది. నేను పక్కన ఉంటేనే కళ్ళు మూస్తుంది. అదే కదా నేను కోరుకున్నది. కోరుకున్నంతా జరిగాక భయం మొదలైంది.

నేను స్కూటీ మీద ఎగిరే మనిషిని. ఇప్పుడు సైకిళ్ళు నన్ను దాటిపోతున్నాయి. గ్యాస్ కట్టేశానా అని బడి దాకా పోయి వెనక్కి వస్తున్నాను. ఛాతీలో ఎక్కడ చురుక్కుమన్నా చేతిలో పని వదిలేసి నిలబడిపోతున్నాను. అద్దంలో చూసుకుంటే మొహంలో ఆయనే కనిపిస్తున్నాడు, ఖర్మ.

"నాకేమన్నా అయితే?" అని మా ఆయన్ను అడిగాను.

"ఏం గాదు."

ఇంగ్లీషులో అడిగాను.

"ఏం గాదంటే ఇంగ్లీషుల గూడ ఏం గాదు. పండుకో."

మా చెల్లెను అడిగాను. "నోరు కడుక్కోపోవే" అంది. మా అమ్మాయిని అడగబోతే, ఇంటర్ పరీక్షలున్నాయి మమ్మీ, ఇప్పుడు ఇవన్నీ చెప్పకు అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చాచాను అడుగుదామని పోయాను. చాచా చేతికర్ర పట్టుకుని గుమ్మం దాటడానికి అవస్థ పడుతుంటే, ఏమీ అడగకుండా చాయ్ తాగి వచ్చేశాను.

బోర్డు మీద ఆ వాక్యం రాసిన వారంలోనే, ఆదివారం. పెరట్లో జయక్క చేతికి అద్దమిచ్చి తల దువ్వుతున్నాను. జుట్టు సగం నెరిసింది. చిక్కు తీస్తుంటే ఉన్నట్టుండి తట్టింది నాకు. ఇన్నేళ్ళలో ఎందరిని అడిగాం? డాక్టర్లను, అన్నదమ్ముల పిల్లలను, మొగుళ్ళను, చెల్లెళ్ళను. ఈమెను అడిగింది ఎవరు? సారు అడగలేదు. నేనూ అడగలేదు.

"జయక్కా" అన్నాను. "నేను లేకపోతే ఏం చేస్తవు?"

ఆమె ఆలోచించింది. చాలాసేపేమీ కాదు, అద్దం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకునేంత సేపు.

"తలుపేస్కుంట" అంది.

"ఏస్కొని?"

"నువ్వొచ్చేదాక తియ్య. ఎవరొచ్చినా తియ్య."

అని, తను సరైన జవాబు చెప్పిందా లేదా అని అద్దంలోంచి నా మొహం చూస్తోంది. నేను దువ్వెన పట్టుకుని ఆమె వెనకే నిలబడిపోయాను.